ఎఫ్‌డీ తీసి ల్యాండ్‌స్కేప్ పెయింటింగ్ కొనొచ్చా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. కొండలు, చెరువులు, పొలాలు గీసే ఒక సీనియర్ చిత్రకారుడి పని అంటే నాకు మొదటినుంచీ ఇష్టం. ఈమధ్య ఆయన బొమ్మ ఒకటి వేలంలో అంచనా ధరకు మూడు రెట్లు పలికింది. తెలిసిన గ్యాలరీ ఆయన అదే చిత్రకారుడి ల్యాండ్‌స్కేప్ 9 లక్షలకు ఇప్పిస్తానని, ఐదేళ్లలో రెట్టింపు ఖాయమని అంటున్నారు. మా పాప ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. తన చదువు కోసం వేసిన 12 లక్షల ఎఫ్‌డీ వచ్చే నెల మెచ్యూర్ అవుతుంది. అందులోంచి తీసి కొనమంటారా?

జవాబు: సూటిగా చెప్పేస్తానండీ, ఆ ఎఫ్‌డీని ముట్టుకోకండి. పాప ఫీజు ఎప్పుడు కట్టాలో మీకు తెలుసు, బొమ్మ ఎప్పుడు అమ్ముడవుతుందో ఎవరికీ తెలియదు. ఈ రెండిటినీ ఒకే డబ్బుకు ముడిపెడితే రేపు అడ్మిషన్ల సమయంలో వచ్చిన ధరకు తెగనమ్ముకోవాల్సి వస్తుంది. ఆ చిత్రకారుడి మీద మీకున్న ఇష్టం గురించి తర్వాత మాట్లాడతాను. ముందు ఆ ‘మూడు రెట్లు’ సంగతి చూద్దాం, నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది పొరబడేది అక్కడే.

పేపర్లో మనం చదివే వేలం ధరలో రెండు ముక్కలుంటాయి. పాట ఎక్కడ ఆగిందో అది హ్యామర్ ధర. దాని మీద కొన్నవాళ్ల దగ్గర వేలం సంస్థ వసూలు చేసేది బయ్యర్స్ ప్రీమియం, ఇది మన దగ్గర సుమారు 20 శాతం ఉంటుంది. వార్తల్లో రాసేది మామూలుగా ఈ రెండూ కలిపిన మొత్తం. అమ్మినవాళ్లకు ఆ 20 శాతంలో ఒక్క రూపాయి రాదు, పైగా హ్యామర్ ధరలోంచి వాళ్ల కమీషన్ కూడా పట్టుకునే ఇస్తారు.

మీ 9 లక్షల బొమ్మనే తీసుకుందాం. పెయింటింగ్స్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, ఆయన చెప్పిన ధరకు పన్ను అదనమైతే మీకు పడేది 9.45 లక్షలు. ఐదేళ్ల తర్వాత వేలానికి పెట్టారు, పాట 12 లక్షల దగ్గర ఆగింది అనుకోండి. పేపర్లో 14.4 లక్షలని వస్తుంది. మీ చుట్టాలు కూడా తొమ్మిదికి కొని పద్నాలుగున్నరకు అమ్మారనే అనుకుంటారు. మీ చేతికి వచ్చేదెంత? అమ్మకందారు కమీషన్ 10 శాతం వేసుకుంటే 1.2 లక్షలు, ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 21,600. మిగిలింది 10.58 లక్షలు. ఐదేళ్లు గోడకు పెట్టుకుని కాపాడినందుకు లాభం 1.13 లక్షలు, అంటే ఏడాదికి 2.3 శాతం. ప్యాకింగ్, రవాణా, ఇన్సూరెన్స్ ఖర్చులు ఇందులో తీయనే లేదు. అదే 9.45 లక్షలు 7 శాతం వడ్డీకి ఐదేళ్లు వదిలేస్తే 13.25 లక్షలవుతుంది. బొమ్మ అమ్మి అంత డబ్బు చూడాలంటే హ్యామర్ ధర 15 లక్షలు దాటాలి. దాటితే లాభపడినట్టు కాదండీ, ఎఫ్‌డీతో సమానమైనట్టు, అంతే.

పన్ను గురించి రెండు మాటలు. ఇంట్లో వాడుకునే సామాన్ల అమ్మకం మీద పన్ను ఉండదు కదా, పెయింటింగ్ కూడా అలాంటిదేనని కొందరు అనుకుంటారు. ఆదాయపు పన్ను చట్టం నగలను, పెయింటింగ్స్‌ను ఆ మినహాయింపులోంచి ప్రత్యేకంగా తీసేసింది. 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం, ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలను బట్టి కొన్న ధరను పెంచి లెక్కేయడం) లేదు. అందుకే కొన్న బిల్లు జాగ్రత్తగా దాచుకోవాలి. నగదు ఇస్తే ఇంకాస్త తగ్గిస్తానని ఎవరైనా అంటే ఆ బేరం వద్దు, ఎందుకంటే బిల్లు లేని బొమ్మను రేపు వేలం సంస్థ కూడా సందేహంగానే చూస్తుంది.

ఇంత చెప్పినా ‘మరి కోట్లు పలుకుతున్నాయి కదా’ అని మీ మనసులో ఉంటుంది. పలుకుతున్న మాట నిజమే. అక్బర్ పదమ్‌సీ 1960లో వేసిన ‘గ్రీక్ ల్యాండ్‌స్కేప్’, దాదాపు పన్నెండడుగుల వెడల్పున్న బూడిదరంగు కాన్వాస్, 2016లో ఢిల్లీ వేలంలో 19.19 కోట్లకు పోయింది. దాన్ని అప్పట్లో తోటి చిత్రకారుడు కృషెన్ ఖన్నా 1,000 రూపాయలకు కొన్నారు. లెక్కేస్తే 56 ఏళ్లపాటు ఏటా 24 శాతం పెరిగినట్టు. ఇలాంటి లెక్క ఒకటి చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది, అందులో తప్పేమీ లేదు. కానీ అదే కాలంలో అదే వెయ్యి పెట్టి వేరేవాళ్ల బొమ్మలు కొన్నవాళ్లు ఎందరుంటారో ఆలోచించండి. ఆ బొమ్మలు వేలం కేటలాగు దాకా రాలేదు, కాబట్టి వాటి ధర మన కంట పడదు. షేర్లలో అయితే పడిపోయిన కంపెనీ ధర కూడా రోజూ తెరమీద కనిపిస్తుంది. ఇక్కడ కనపడేవి గెలిచినవి మాత్రమే.

ఒకే చిత్రకారుడి బొమ్మలన్నిటికీ ఒకే ధర అనుకోవడం ఇంకో పొరపాటు. ఎస్.హెచ్. రజా 1940ల్లో కాగితం మీద నీటిరంగులతో బొంబాయి వీధులు, ప్రకృతి దృశ్యాలు వేశారు, 1950లో ఫ్రాన్స్ వెళ్లాక అక్కడి పల్లెలు గీశారు, ఆ తర్వాత చాలా ఏళ్లకు ఆయనకు గుర్తుగా మారిన బిందువు, అంటే గుండ్రటి చుక్క, దగ్గరకు వచ్చారు. 2023లో 51.75 కోట్లు పలికిన ‘జెస్టేషన్’ ఆ చివరి దారిలోదే, 1989 నాటిది. ఇంట్లో ఆయన చిన్న నీటిరంగు బొమ్మ ఉన్నవాళ్లు ఈ 51 కోట్లు చూసి లెక్కలు వేసుకుంటే మోసపోతారు. ఏ దశలోది, ఎంత సైజు, కాన్వాసా కాగితమా, దేని గురించి ఆ చిత్రకారుడికి పేరొచ్చిందో అదేనా, ఇవన్నీ కలిసి ధర తేలుస్తాయి. ఎక్కడుందన్నది కూడా ముఖ్యమే. హిమాలయాలు గీసిన నికొలాయ్ రోరిక్ బొమ్మలు జాతీయ కళానిధుల జాబితాలో ఉన్నాయి, 1972 నాటి చట్టం ప్రకారం మన దేశంలో ఉన్నవాటిని అమ్మకానికి బయటికి పంపకూడదు. కాబట్టి లండన్లో రోరిక్‌కు వచ్చిన ధర ఇక్కడున్న రోరిక్‌కు వర్తించదు, కొనేవాళ్లు ఇక్కడే దొరకాలి.

మీరు చెప్పిన బొమ్మ మూడు రెట్లు పలికింది దేనికన్నా? అంచనా ధరకు. పాటకు ఎక్కువమంది రావాలని ఆ అంచనాను తక్కువగా పెట్టడం ఈ రంగంలో మామూలే. ఆ రోజు ఇద్దరు పట్టుదలకు పోతే చాలు, ధర మూడింతలవుతుంది. ఆ ఇద్దరిలో ఒకరి కోరిక తీరిపోయింది, మీరు అమ్మబోయే రోజున రెండో ఆయనకు ఇంకా కొనాలని ఉంటుందో లేదో.

నా క్లయింట్ ఒకాయన పక్కన కూర్చుని ఆన్‌లైన్ వేలం చూశాను. వాళ్ల నాన్నగారు కొన్న నదీతీరం బొమ్మ, అంచనా 6 నుంచి 8 లక్షలు. పాట మూడున్నర దగ్గర మొదలై నాలుగు, నాలుగుంపావు, నాలుగున్నర దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. రిజర్వ్ ధర, అంటే అంతకన్నా తక్కువకు అమ్మకూడదని ముందే పెట్టుకున్న ధర, అందలేదు, గడియారం అయిపోయింది, పేజీలో ఆ బొమ్మ పక్కన ధర గడి ఖాళీగా ఉండిపోయింది. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఒకసారి అమ్ముడుపోలేదని అందరికీ తెలిసిన బొమ్మను వెంటనే మళ్లీ పెడితే ఇంకా తక్కువకే అడుగుతారు, అందుకని కొన్నేళ్లు ఆగమన్నారు. ఆయనకు డబ్బు తొందర లేదు కాబట్టి సరిపోయింది. మీకు ఉంది.

మార్కెట్ మొత్తం ఆగిపోయిన రోజులూ ఉన్నాయి. 2006లో మన దేశంలో ఒక ఆర్ట్ ఫండ్ మూడేళ్ల గడువుతో వంద కోట్లకు పైగా సేకరించింది. 2008 సంక్షోభం వచ్చి ధరలు కూలాయి, 2009లో గడువు తీరేసరికి మదుపరులకు సమయానికి డబ్బు ఇవ్వలేకపోయింది. 2013లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అది రిజిస్ట్రేషన్ లేని పథకమని తేల్చి డబ్బు వాపసు ఇమ్మంది. బొమ్మల గురించి బాగా తెలిసినవాళ్లు నడిపిన ఫండ్ పరిస్థితే అది.

నకిలీల బెడద కూడా తక్కువేమీ కాదు. 2009లో ఢిల్లీలో రజా తన తొలినాళ్ల బొమ్మల ప్రదర్శనకు స్వయంగా వెళ్లి, అక్కడున్నవాటిలో చాలా తాను గీసినవి కావని గుర్తుపట్టారు. చిత్రకారుడు బతికుండగానే ఇలా జరిగింది. మీ చిత్రకారుడు అందుబాటులో ఉంటే ఆయన చేతే ఆ బొమ్మ ఫొటో వెనక సంతకం చేయించుకోవడం కన్నా మంచి పత్రం లేదు. అలాగే బొమ్మను గోడ మీంచి దింపించి వెనక్కి తిప్పి చూడండి. పాత ప్రదర్శనల చీటీలు, తేదీ, కాన్వాస్ బిగించిన మేకులు తుప్పు పట్టాయా, మూలల్లో తేమ మరకలున్నాయా, అన్నీ వెనకే తెలుస్తాయి.

ఇప్పుడు మీ ఇష్టం సంగతి. ఇష్టాన్ని చంపుకోమని నేను ఎవరికీ చెప్పను, రోజూ ఆఫీసు నుంచి వచ్చి ఆ చెరువు గట్టును కాసేపు చూసుకుంటే మీకు కలిగే ఆనందం నా ఎక్సెల్ షీట్‌లో ఎక్కదు. పాప ఫీజులు, ఆరు నెలల ఇంటి ఖర్చు, టర్మ్ పాలసీ, మీ రిటైర్‌మెంట్ పొదుపు ఇవన్నీ సర్దుకున్నాక బోనస్‌లోంచి మిగిలే డబ్బుతో కొనండి. మొత్తం ఆస్తిలో 5 శాతం దాటకుండా, తిరిగి రాకపోయినా పర్వాలేదనుకున్నంతే పెట్టండి. అదే చిత్రకారుడి కాగితం మీది చిన్న బొమ్మో, స్కెచ్చో ఇంతకన్నా చాలా తక్కువకే దొరకొచ్చు, ముందు దాంతో మొదలుపెట్టండి. ఎఫ్‌డీ డబ్బులో మొదటి ఏడాది ఫీజుకు సరిపడా ఆ ఫీజు తేదీకి ముందే మెచ్యూర్ అయ్యే ఎఫ్‌డీలో, మిగతాది తర్వాతి ఏడాదుల ఫీజు తేదీలకు తగ్గట్టు విడివిడిగా వేసేయండి.

గ్యాలరీ ఆయనను మాత్రం ఈ వారమే రెండు విషయాలు అడగండి. ఈ చిత్రకారుడివి గత ఐదేళ్లలో వేలానికి వచ్చి అమ్ముడుపోనివి ఎన్ని? ఐదేళ్ల తర్వాత ఇదే 9 లక్షలకు మీరే వెనక్కి తీసుకుంటానని కాగితం మీద రాసిస్తారా? రెట్టింపు ఖాయమన్నారు కాబట్టి రాసివ్వడానికి ఆయనకు ఇబ్బంది ఉండకూడదు. ఏమన్నారో నాకు రాయండి.