నాన్నకు పక్షవాతం, మధ్యలో ఆగిన బీకాం: కేర్‌గివర్‌గా వెళ్లాలా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాన్నకు పక్షవాతం వచ్చి ఏడాదిన్నర, కుడివైపు పడిపోయింది, మంచం మీదే ఉంటారు. అమ్మ రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్తేగానీ ఇల్లు గడవదు. అందుకే బీకాం రెండో ఏడాది అవగానే మానేశాను, నాన్న పనులన్నీ నేనే చూస్తున్నాను. అన్నయ్య బెంగళూరులో ఉంటాడు, వీలున్నప్పుడు డబ్బు పంపుతాడు. తెలిసినావిడ హైదరాబాద్‌లో కేర్‌గివర్‌గా, అంటే ఎవరింట్లోనైనా రోగిని చూసుకునే మనిషిగా చేరితే తిండీ వసతీ ఇచ్చి జీతం ఇస్తారంటోంది, ఇంకొకాయన కువైట్ పంపిస్తానంటున్నాడు. ‘నీకు పని ఎలాగూ వచ్చు కదా’ అంటున్నారు. చేరిపోనా?

జవాబు: ముందు ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకమ్మా. నువ్వు హైదరాబాద్ వెళ్లి ఎవరి నాన్ననో చూసుకుంటుంటే మీ నాన్నను ఎవరు చూస్తారు? నువ్వు రాసినదాంట్లో ఆ సంగతే లేదు. నీకు సలహా ఇచ్చినవాళ్లు కూడా ఆలోచించినట్టు లేరు.

పని వచ్చు అన్నమాట మాత్రం నిజం. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పుండు పడుతుందని, తుంటి దగ్గర చర్మం ఎర్రబడిందంటే అదే మొదలని, పడుకోబెట్టి నీళ్లు పట్టకూడదని, కూర్చోబెట్టి చెంచాతో కొంచెం కొంచెంగా జావ పట్టి మింగారో లేదో చూసుకుని మరో చెంచా ఇవ్వాలని ఈపాటికి నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇదంతా డబ్బిచ్చి నేర్చుకునేవాళ్లున్నారు. కానీ ఇంట్లో గతిలేక చేతికొచ్చిన పనిని బతుకుతెరువుగా పెట్టుకోవాలా అన్నది నువ్వు విడిగా కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. పని వచ్చు కదా అని ఎవరో తోసేస్తే వెళ్లిపోయేది కాదు.

తిండీ వసతీ అంటున్నారంటే అది దాదాపు 24 గంటల డ్యూటీయే. రోగి గదిలోనే పడక, రాత్రి ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు లేవాలి, బదులు మనిషి దొరికితేనే సెలవు. ఆ ఇంటివాళ్లు నిన్ను పంపిన ఏజెన్సీకి కట్టేదాంట్లో నీ చేతికి వచ్చేది కొంతే. కొన్ని ఇళ్లలో సొంత మనిషిలా చూస్తారు, కొన్నిచోట్ల మూడోరోజుకే అంట్లు కూడా తోమమంటారు. ఎప్పుడైనా చేరాల్సి వస్తే నిద్రకు ఎన్ని గంటలు, నెలకు ఎన్ని సెలవులు, జీతం ఎవరిస్తారు, ఏయే పనులు నీవి కావు, ఈ నాలుగూ కాగితం మీద రాయించుకో. ఇంజెక్షన్లు చేయడం, ముక్కులో గొట్టం మార్చడం లాంటివి కేర్‌గివర్ పనులు కావు, బతిమాలినా చేయకు.

కువైట్ సంగతి నాకు అస్సలు నచ్చలేదు. నోటితో కేర్‌గివర్ అంటారు, తీరా చూస్తే చేతికొచ్చేది ఇంటిపని వీసా, అక్కడ దాన్ని ఆర్టికల్ 20 అంటారు. ఆ ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. రిజిస్టర్డ్ ఏజెంటైనా 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతకుమించి సర్వీసు ఫీజు తీసుకోకూడదు. లక్షల్లో అడిగితే అక్కడే ఆపెయ్.

ఇక చదువు. మిగిలింది ఒక్క ఏడాది! రెండేళ్లు చదివి వదిలేస్తే డిగ్రీ చేతికి రాదు. కాలేజీ ఆఫీసుకెళ్లి రీఅడ్మిషన్ ఎలాగో అడుగు. టీసీ తీసుకోకపోతే ఇప్పుడప్పుడే తీసుకోకు. రోజూ వెళ్లడం కుదరదు కాబట్టి ప్రిన్సిపాల్‌ను నేరుగా కలిసి, నాన్న ఆస్పత్రి కాగితాలు చూపించి హాజరు విషయం ముందే మాట్లాడుకో. అక్కడ దారి లేకపోతేనే దూరవిద్య. బీకాం చేతికొస్తే ఆస్పత్రుల్లో బిల్లింగ్, ఇన్సూరెన్స్ డెస్క్ లాంటి ఉద్యోగాలున్నాయి, కౌంటర్ అవతల నిలబడ్డవాళ్ల టెన్షన్ ఏమిటో నీకు తెలుసు కూడా.

లేదు, ఈ సేవ పనే నాకిష్టం అంటావా, మంచిదే, కానీ కాస్త పై మెట్టు చూడు. బీఎస్సీ నర్సింగ్‌కు ఇంటర్‌లో బైపీసీ ఉండాలి. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమాకు మాత్రం ఏ గ్రూపువాళ్లయినా అర్హులే. ఇంటర్‌లో 40 శాతం మార్కులు రావాలి, ఇంగ్లిష్ పాసవ్వాలి, సీట్లలో మాత్రం బైపీసీ వాళ్లకే ముందు ప్రాధాన్యం. మూడేళ్ల కోర్సు, తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ చేసుకోవచ్చు. మూడేళ్లూ డ్యూటీలే కాబట్టి నాన్న దగ్గర ఎవరుంటారో తేలాకే ఇది.

డబ్బు మాటకొస్తే, నాన్నకు పింఛను వస్తోందా? నువ్వు రాయలేదు. ఆంధ్రాలో పక్షవాతంతో మంచానికే పరిమితమైనవాళ్లకు ఎన్టీఆర్ భరోసా అనే ప్రభుత్వ పింఛను పథకం కింద నెలకు 15,000 రూపాయలు, మామూలు దివ్యాంగుల పింఛనైతే 6,000. వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్ ఉండాలి, డాక్టర్లు చూసి నిర్ధారించాలి. గ్రామ సచివాలయంలో సదరం స్లాటు, కొత్త దరఖాస్తుల సంగతి ఈ వారమే అడుగు. అది మంజూరైతే పగలు కొన్ని గంటలు నాన్న దగ్గర ఉండటానికి ఊళ్లోనే మనిషిని పెట్టుకోవచ్చు. నువ్వు కాలేజీకి వెళ్లొచ్చు.

అన్నయ్య వీలున్నప్పుడు పంపడం కాదు, నెలకింత అని చెప్పాలి, నీ పరీక్షల రోజుల్లో సెలవు పెట్టుకుని వచ్చి నాన్న దగ్గర ఉండాలి. తిప్పడం, తినిపించడం వచ్చినప్పుడు నేర్పించు, ఆడపిల్లలే చేయాలని ఎక్కడా లేదు. ఈ మాట నువ్వు అడిగితే గొడవవుతుందేమో, ఫోన్ అమ్మతో చేయించు.