‘నిజంగా జరిగింది’ అన్నంత మాత్రాన

అమ్మా,

నీ కథ అందింది. చదివాను, పక్కన పెట్టాను, మళ్లీ తీసి చదివాను. కోపం తగ్గాక జవాబు రాద్దామని ఆగాను. తగ్గలేదు. ఇంకా ఆగితే నువ్వు దాన్ని ఏ పోటీకో పంపేస్తావని ఇవాళ కూర్చున్నాను.

కోపం కథ మీద కన్నా, కథ కింద నువ్వు గీత గీసి రాసిన మాట మీద: “ఇది కల్పన కాదు. నా స్నేహితురాలి హాస్టల్‌లో నిజంగా జరిగింది.” ఈ మాట రాస్తే ఇక ఎవరూ ఏమీ అనకూడదని మన కథకులకు ఎవరు నేర్పారో గానీ, ఈమధ్య నా దగ్గరికొచ్చే కథల్లో చాలావాటి కింద ఇదే ఉంటోంది.

అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్. ఒకడు చీర కట్టుకుని, హిజ్రానని చెప్పి, దీవెనల పేరుతో లోపలికొస్తాడు. ఒక అమ్మాయి మీద చెయ్యి వేస్తాడు. పెనుగులాటలో విగ్గు ఊడి పడుతుంది. ఆ తర్వాత పక్క వీధిలో ఉండే ట్రాన్స్ మహిళ కనబడితే చాలు, హాస్టల్ అమ్మాయిలంతా గేటు వేసుకుంటారు. అక్కడితో ఆపావు. “ఎవరిది తప్పో పాఠకులకే వదిలేశాను” అని ఉత్తరంలో రాశావు. వదల్లేదమ్మా. ఎనిమిది పేజీలు వాణ్ని చూపించావు, ఆమెకు అరపేజీ ఇచ్చావు. నీ తీర్పు ఆ పేజీల లెక్కలోనే ఉంది.

నీ స్నేహితురాలికి జరిగింది అబద్ధమని నేననడం లేదు. ఆ అమ్మాయి భయం నిజం, ఆ రాత్రి నిజం. మన ఆడపిల్లలు సిటీ బస్సులో, షేర్ ఆటోలో, ఆఫీసు లిఫ్టులో ఇలాంటి చేతుల్ని రోజూ తప్పించుకుంటూనే ఉన్నారు. ఆ చేతుల్లో ఎన్ని ప్యాంటూ చొక్కా వేసుకున్నవాళ్లవో నీకు నాకన్నా బాగా తెలుసు. అయినా ప్యాంటూ చొక్కా వేసుకున్న మనిషి కనబడగానే గేటు వేసుకునే కథ ఎవరూ రాయరు. అది రోజూ జరిగేది కాబట్టి మనకు కథగా కనిపించదు. చీర కట్టుకుని వచ్చినవాడు ఎక్కడో ఒకడు కాబట్టి కథ అయిపోయాడు. వాడు ఒక్కడుగా ఉండిపోతే నాకు బాధ లేదు. చదివిన ప్రతి మనిషీ వాడి ముఖాన్ని తీసుకెళ్లి పక్క వీధి ఆమెకు అతికిస్తాడు. నా బాధంతా అదే.

ఇది నా ఊహ కాదు. ఈ దేశంలో ఇలా ఒక్క సంఘటన మీంచి ఏకంగా చట్టమే పుట్టింది. 1852లో వాయవ్య రాష్ట్రాల్లో, ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని మైన్‌పురి జిల్లాలో భూరా అనే హిజ్రా హత్యకు గురైంది. ఆమె అంతకుముందు కలిసి బతికిన మనిషే చంపాడని కోర్టు నమ్మింది. చచ్చిపోయింది హిజ్రా. కానీ ఆ కేసు విన్న తెల్ల జడ్జీలు చర్చ పెట్టింది హంతకుడి గురించి కాదు. హిజ్రాలు ఎలాంటివాళ్లు, ఎలా బతుకుతారు, వీళ్లను ఏం చేయాలి అని. ఆ మాటలు అధికారుల రిపోర్టుల్లోకి ఎక్కాయి. హిజ్రాలంటే పిల్లల్ని ఎత్తుకుపోయి బీజాలు కోసేవాళ్లు అన్న అనుమానం ఒక ఫైల్లోంచి ఇంకో ఫైల్లోకి పాకింది. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చినప్పుడు అందులో రెండో భాగమంతా వీళ్ల మీదే. అనుమానం ఉన్నవాళ్ల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించాలి. రిజిస్టర్‌కెక్కినవాళ్లు ఆడవేషంతో వీధిలో కనిపించినా, ఆడినా పాడినా వారెంట్ లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైలు. దత్తత తీసుకోకూడదు, వీలునామా రాయకూడదు. ఒక మనిషి తన ఆస్తి ఎవరికివ్వాలో రాసుకోవడానికీ, ఎక్కడో పిల్లాణ్ని ఎవరో ఎత్తుకుపోయారన్న భయానికీ ఏం సంబంధం? ఏమీ లేదు. కానీ ఒకసారి భయం మొదలయ్యాక ఎవరూ సంబంధం అడగరు.

అదంతా ఎక్కడో ఉత్తరాది సంగతి అనుకోకు. హైదరాబాద్ సంస్థానంలో అదే అచ్చులో ఒక చట్టం వచ్చింది. నిజాం కాలపు ఫసలీ క్యాలెండర్ ప్రకారం 1329, అంటే 1919. అదే రిజిస్టర్, అదే పిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానం, అదే రెండేళ్ల జైలు. నిజాం పాలన పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. ఆ చట్టం మాత్రం పేరు మార్చుకుని ‘తెలంగాణ యూనక్స్ యాక్ట్’ (నపుంసకుల చట్టం) అయింది. ట్రాన్స్‌జెండర్లు తామేమిటో తామే నిర్ణయించుకోవచ్చని సుప్రీంకోర్టు 2014లో నల్సా తీర్పులో చెప్పాక కూడా అది పుస్తకాల్లో అలాగే ఉంది. 2018లో ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు కలిసి హైకోర్టుకు వెళ్లారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఎవరు ఏ నేరం చేశారని నూరేళ్లకు పైగా మోశారమ్మా వీళ్లు ఆ చట్టాన్ని?

ఆ పిటిషన్ వేసిన 2018లోనే మే నెలలో ఏం జరిగిందో గుర్తుందా? నువ్వప్పుడు స్కూల్లో ఉండి ఉంటావు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని అందరి ఫోన్లలో వాట్సాప్ మెసేజ్‌లు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో, రంజాన్ నెలలో భిక్షకు వచ్చిన ట్రాన్స్ మహిళల మీద జనం పడ్డారు. ఒకామెను కొట్టి చంపేశారు. పుకారు తప్ప ఇంకేమీ లేదు. ఆ మెసేజ్‌లు పంపినవాళ్లు కూడా నీలాగే ‘నిజంగా జరిగింది, జాగ్రత్త’ అనే పంపారు. నిన్ను వాళ్లతో కలిపేస్తున్నానని నొచ్చుకోకు. నీ కథ అచ్చయితే ఆ గుంపులో ఉన్నలాంటి మనిషి కూడా చదువుతాడు. అతనికి అందులో ఏం దొరుకుతుందో నువ్వు ముందే చదివి చూసుకోవాలి.

నాకు ఈ పట్టుదల ఎక్కడిదో చెప్తాను. నేను కథలు రాయడానికి ముందు, రాస్తూ కూడా, కాజీపేటలో ఒక పేపర్‌కు కంట్రిబ్యూటర్‌గా చేశాను. జీతం లేదు. అచ్చయిన వార్తను సెంటీమీటర్లలో కొలిచి డబ్బులిచ్చేవాళ్లు. జంక్షన్ కాబట్టి రైళ్లలో అడుక్కునే హిజ్రాలు ప్లాట్‌ఫారం మీద రోజూ కనబడేవాళ్లు. కొందరితో మాటలు కలిశాయి. 2009 చివర్లో ఎన్నికల సంఘం ఓటరు జాబితాలో ‘ఇతరులు’ అని రాయించుకునే వీలు కల్పించింది. పేరు రాయించుకుందామని కొందరు ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్లారు. ఇంటి అడ్రస్‌కు రుజువు కావాలన్నారు. ఇల్లు అద్దెకిచ్చినావిడ కాగితం రాసివ్వనంది. సాయంత్రం దాకా అక్కడే చెట్టు కింద కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. మంచి వార్త రాశాననుకుని పంపాను. రాలేదు. అదే వారంలో ప్లాట్‌ఫారం మీద ఒక ప్రయాణికుడికీ ఒక హిజ్రాకూ మాటా మాటా పెరిగి చొక్కా చిరిగింది. ‘హిజ్రాల వీరంగం’ అని ఫొటోతో సహా జిల్లా పేజీలో బాక్స్ కట్టారు. ఓటు వార్త ఏమైందని డెస్క్‌కు ఫోన్ చేస్తే, “అందులో ఏం జరిగిందన్నా?” అన్నాడు సబ్ ఎడిటర్. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ మింగుడు పడదు. వాళ్లకు ఏమీ జరగకపోవడమే కదా అక్కడి వార్త!

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘ఇతరులు’గా రాయించుకున్నవాళ్లు 43,769 మంది. రాయించుకోనివాళ్లు ఇంకెందరో. వాళ్లలో నువ్వు పేపర్లో చూసింది ఎందరిని? సిగ్నల్ దగ్గర గొడవ, పెళ్లింట్లో డబ్బుల గొడవ, రెండు గ్రూపుల కొట్లాట. ఇవీ జరుగుతాయి, లేవని ఎవరంటారు? కానీ తెల్లారితే బియ్యం కడిగి, షుగర్ మాత్ర వేసుకుని, గదికి ఎక్కువ అద్దె కట్టి బతికేవాళ్ల గురించి నాలుగు లైన్లు ఎక్కడా రావు. ట్రాన్స్ పురుషులైతే అసలు కనబడనే కనబడరు. వాళ్ల మీద భయపెట్టే బొమ్మ ఏదీ తయారు కాలేదు కాబట్టి వాళ్ల కష్టం గురించి చర్చే లేదు.

నువ్వు అమెరికాలో ఉన్న మీ అన్నయ్య పంపిన వీడియోల గురించి కూడా రాశావు. ట్రాన్స్ పిల్లలు వచ్చి ఆడటం వల్ల అమ్మాయిల ఆటలన్నీ పాడైపోతున్నాయి, అక్కడి తెలుగువాళ్లంతా టెన్షన్ పడుతున్నారు అని. ఆటల్లో న్యాయం ఏమిటన్నది మంచి ప్రశ్నే, శ్రద్ధగా తేల్చాల్సిందే. కానీ లెక్క చూడు. 2022లో యూటా రాష్ట్రంలో ట్రాన్స్ అమ్మాయిలు అమ్మాయిల జట్లలో ఆడకుండా చట్టసభ బిల్లు తెస్తే, గవర్నర్ స్పెన్సర్ కాక్స్ వీటో చేస్తూ ఉత్తరం రాశాడు. ఆయన రిపబ్లికనే. తమ రాష్ట్రంలో హైస్కూల్ ఆటలు ఆడే పిల్లలు 75,000 మంది, వాళ్లలో ట్రాన్స్ పిల్లలు నలుగురు, అమ్మాయిల జట్టులో ఆడేది ఒక్కరు అన్నాడు. చట్టసభ ఆ వీటోను తోసిపారేసింది. 2024 డిసెంబర్‌లో అమెరికా కాలేజీ క్రీడల సంఘం అధ్యక్షుడు సెనేట్ ముందు చెప్పింది ఇంకా స్పష్టం. 5,10,000 మంది క్రీడాకారుల్లో ట్రాన్స్ వాళ్లు పది మంది లోపే తనకు తెలుసన్నాడు. ఆ పది మంది కోసం అధ్యక్ష ఎన్నికల్లో ఎన్ని ప్రకటనలు నడిచాయో మీ అన్నయ్యనే అడుగు.

మన దగ్గర భయానికి ఇచ్చిన శ్రద్ధలో పావు వంతు వాళ్ల రక్షణకు ఇవ్వలేదు. 2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం చేసింది. అందులో ట్రాన్స్ మనిషి మీద లైంగిక దాడి చేసినవాడికి ఎక్కువలో ఎక్కువ శిక్ష రెండేళ్లు. అదే ఆడదాని మీద అత్యాచారం చేస్తే తక్కువలో తక్కువ పదేళ్లు. ఆ పాత ఫసలీ చట్టంలో చీర కట్టుకుని వీధిలోకి వచ్చినందుకు కూడా రెండేళ్లే. ఈ రెండు రెండేళ్లనూ పక్కపక్కన పెట్టి ఒక్క కథ ఎవరైనా రాస్తారేమోనని చూస్తున్నాను.

ఇక దీనికి అవతలి వైపు ఇంకో ఫ్యాషన్ ఉంది, అదీ నాకు నచ్చదు. తొలి ట్రాన్స్ డాక్టర్, తొలి ట్రాన్స్ జడ్జి అని దండలేసే కథలు. వాళ్ల కష్టం గొప్పది, చేతులెత్తి మొక్కుతాను. ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు ఉద్యోగంలో చేరారని చదివిన రోజు నేను ఇంట్లో అందరికీ చెప్పాను. కానీ కథకులు దాన్ని పట్టుకుని, గౌరవం కావాలంటే డాక్టరో దేవతో కావాలన్నట్టు రాస్తున్నారు. మామూలుగా, కాస్త కోపిష్ఠిగా, కాస్త పిసినారిగా ఉండే హక్కు ఆమెకు లేదా?

కొసమెరుపు గురించి అడిగావు, విగ్గు ఊడిపడటం బాగుందా అని. కొసమెరుపు పేరు చెబితే నాకు ఒళ్లు మండుతుంది. ఒక వారపత్రిక ఎడిటర్ నా కథను, ఒక దర్జీ గురించి రాసింది, “అంతా బాగానే ఉంది, చివర్లో ఏదైనా జరిగితే వేసుకుంటాం” అని తిప్పి పంపాడు. కనీసం దర్జీ భార్యను చంపెయ్యమన్నాడు. నేను చంపలేదు. ఆ కథ ఏళ్లకు ఏళ్లు నా ట్రంకు పెట్టెలో ఉండిపోయింది. తర్వాత ఒక చిన్న పత్రికలో వస్తే, కుట్టు మిషన్ మీద బతికిన ఒక పెద్దాయన హన్మకొండ నుంచి బస్సెక్కి మా ఇంటికొచ్చాడు. చివర్లో ఏం జరిగిందని ఆయన అడగలేదు. ఆ రోజుల్లో పత్రికలన్నీ ఆ ఎడిటర్‌లాంటి వాళ్ల చేతుల్లో ఉండి రెండు తరాల కథకులకు గొంతు నులమడం నేర్పాయి. ఇప్పుడు వాళ్లు లేరు గానీ ఆ జబ్బు రీల్స్‌లోకీ, వెబ్ సిరీస్‌లలోకీ పాకింది. నీ విగ్గు అక్కణ్నుంచి వచ్చిందే.

నీ కథలో ఒక్కచోట మాత్రం నేను ఆగిపోయాను. ఆ అరపేజీలో పక్క వీధి ఆమె రేషన్ షాపు దగ్గర లైన్లో ఉంటుంది. ఆధార్ కార్డులో మీసాలున్న ఫొటో. డీలర్ కార్డు వంకా ఆమె వంకా చూసి “ఇదెవరిది?” అంటే ఆమె “నాదే” అని మళ్లీ వేలిముద్ర మిషన్ మీద వేలు పెడుతుంది. వెనక ఉన్నావిడ “తొందరగా కానివ్వండమ్మా, పొయ్యి మీద పప్పుంది” అంటుంది. ఆ ‘అమ్మా’ ఎవరిని అన్నదో నువ్వు చెప్పలేదు. ఇది నువ్వు చూసి రాశావు. మిగతాది విని రాశావు.

కాబట్టి దీన్ని పోటీకి పంపకు. రెండు కథలుగా విడదియ్యి. మొదటిది రేషన్ షాపు దగ్గర మొదలుపెట్టు. ఆమె కార్డులో ఫొటో మార్పించుకోవడానికి ఏం చెయ్యాలో కనుక్కో. కలెక్టర్ ఇచ్చే గుర్తింపు సర్టిఫికెట్‌కు దరఖాస్తు ఎలా చేస్తారో, అప్పటిదాకా బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, గది అద్దె కాగితం ఏమవుతాయో ఆమెనే అడుగు. టీ తాగుతూ అడుగు, నోట్‌బుక్ తియ్యకు.

రెండోది హాస్టల్ కథ. వదిలెయ్యమనను, రాయాల్సిందే. కానీ ఎనిమిది పేజీలు వాడి చీర మీద పెట్టకు. నెలకు అన్ని వేలు వసూలు చేసే ఓనర్ గేటు దగ్గర వాచ్‌మన్‌ను ఎందుకు పెట్టలేదు? ఆ రాత్రి వార్డెన్ ఎక్కడుంది? మర్నాడు స్టేషన్‌కు వెళితే కంప్లయింట్ రాసుకున్నారా, హాస్టల్ పేరు పాడవుతుందని ఓనర్ వచ్చి సర్దిచెప్పాడా? ఇంట్లో వాళ్లకు తెలిస్తే చదువు మాన్పించేస్తారని ఆ పిల్ల ఎన్నాళ్లు దాచింది? ఇవన్నీ నీ స్నేహితురాలికి తెలుసు. ఆమె చెప్పడానికి ఒప్పుకుంటేనే అడుగు. ఒప్పుకోకపోతే మొదటి కథ ఒక్కటే పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు