ముప్పై అయిదేళ్ల వయసులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి లెక్కల టీచర్ కావచ్చా?

బి.టెక్. చదివి పన్నెండేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్నాననీ, గణితం మీద ఇష్టంతో బడిలో పాఠాలు చెప్పాలనుకుంటున్నాననీ, ముప్పై అయిదేళ్ల వయసులో ఇది సాధ్యమేనా అనీ మీరు అడిగారు. సాధ్యమే. నేను ఎం.సి.ఎ. తరువాత హైదరాబాద్‌లో పదేళ్లు ప్రోగ్రామర్‌గా పనిచేసి, 2016లో ముప్పై నాలుగేళ్ల వయసులో బి.ఎడ్.లో చేరాను. ఇప్పుడు తెలంగాణలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తున్నాను. అయితే బి.ఎడ్.లో చేరిన నాటికీ ఈ కొలువు దొరికిన నాటికీ మధ్య ఎనిమిదేళ్లు గడిచాయి. ఆ ఎనిమిదేళ్ల సంగతి తెలుసుకున్నాకే మీరు రాజీనామా గురించి ఆలోచించాలని నా కోరిక.

ముందుగా నిబంధనలు. బి.ఎడ్. 2015 నుంచి రెండేళ్ల కోర్సు. ఎడ్‌సెట్ అనే ప్రవేశపరీక్ష రాసి చేరాలి, ఇంజినీరింగ్ చదివినవారికీ ప్రవేశం ఉంది. కానీ సీటుకు ఉండే అర్హత వేరు, ఉద్యోగానికి అడిగే అర్హత వేరు. కాబట్టి పాత డీఎస్సీ (ప్రభుత్వ బడుల టీచర్ల నియామక పరీక్ష) ప్రకటన ఒకటి దగ్గర పెట్టుకుని, స్కూల్ అసిస్టెంట్ గణితం పోస్టుకు, అంటే ఉన్నత పాఠశాల లెక్కల టీచర్ కొలువుకు, ఏ డిగ్రీ, డిగ్రీలో ఏ సబ్జెక్టులు, బి.ఎడ్.లో ఏ మెథడాలజీ (బోధనాపద్ధతి సబ్జెక్టు) ఉండాలని రాశారో మీ సర్టిఫికెట్లతో పోల్చి చూసుకోండి. నాకు డిగ్రీలో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఉండటం వల్ల ఇబ్బంది రాలేదు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత బి.ఎడ్.తో ఒకటి నుంచి అయిదు తరగతుల పోస్టులకు పోటీపడటం కుదరదు. ఇక టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) రెండో పేపర్‌లో 150 మార్కులకు గణితం, సైన్సు కలిపి 60 మాత్రమే. శిశు వికాసం, రెండు భాషలు తక్కిన 90 మార్కులను తీసుకుంటాయి. టెట్ ఒకసారి పాసైతే జీవితకాలం చెల్లుతుంది కానీ, డీఎస్సీ ఎంపికలో దానికి 20 శాతం వెయిటేజీ ఉంది కనుక పాసు మార్కులతో తృప్తిపడకూడదు.

డబ్బు విషయం దాచకుండా చెబుతాను. 2017 అక్టోబరులో టీఆర్టీ (అప్పుడు డీఎస్సీ బదులు జరిగిన నియామక పరీక్ష) ప్రకటన వచ్చేనాటికి నా బి.ఎడ్. పూర్తి కాలేదు, ఆ తరువాత తెలంగాణలో జిల్లా పరిషత్ వంటి బడులకు ఉపాధ్యాయ నియామకాలు మళ్లీ 2024 డీఎస్సీలోనే, 11,062 పోస్టులతో జరిగాయి. మధ్యలో ఆరేళ్లు ఒక ప్రైవేటు బడిలో పనిచేశాను. అక్కడ నా జీతం సాఫ్ట్‌వేర్ జీతంలో నాలుగో వంతు కూడా లేదు. కరోనా కాలంలో కొన్ని నెలలు అదీ రాలేదు. 2021లో ప్రభుత్వం ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చినప్పుడు ఆ బియ్యం తెచ్చుకున్నవారిలో నేనూ ఉన్నాను. నా భార్య ఉద్యోగం చేస్తూ ఉండకపోతే నేను మధ్యలోనే వెనక్కి వెళ్లిపోయేవాణ్ణి. ఇప్పుడు స్కూల్ అసిస్టెంట్ మూలవేతనం 42,300 రూపాయల దగ్గర మొదలవుతుంది. 2024లో గరిష్ఠ వయోపరిమితి 46 ఏళ్లు కాబట్టి మీకు వయసు అడ్డు కాదు. ప్రకటన ఎప్పుడు వస్తుందో తెలియని ఆ నిరీక్షణకు ఇల్లు సిద్ధంగా ఉందా అన్నదే అసలు ప్రశ్న.

బి.ఎడ్.లో చేరేటప్పుడు ఒక కళాశాలవారు, కొంత అదనంగా కడితే తరగతులకు రానవసరం లేదని నాకు చెప్పారు. ఈ ‘నాన్ అటెండింగ్’ మాట మీకూ వినిపిస్తుంది, దయచేసి ఒప్పుకోకండి. బి.ఎడ్.లో నాకు అన్నిటికంటే పనికొచ్చింది రెండో ఏడాదిలో బడిలో గడిపే పదహారు వారాల ఇంటర్న్‌షిప్పే. ఏడో తరగతిలో ఋణ సంఖ్యల గుణకారం చెబుతూ, (−3) × (−4) = 12 ఎందుకవుతుందో విభాగ న్యాయంతో నల్లబల్ల మీద శుభ్రంగా నిరూపించాను. పిల్లలందరూ రాసుకున్నారు. ఒక అమ్మాయి మాత్రం లేచి, “రుణమాఫీలో రుణమంటే అప్పే కద సార్, అప్పును అప్పుతోని గుణిస్తే లాభమెట్లయితది?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అంతకుముందు వారం కూడికలు చెప్పేటప్పుడు ఋణ సంఖ్య అంటే అప్పు అనుకోండి అని చెప్పింది నేనే. గణితవేత్త బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో ఈ గుణకార నియమాన్ని ధనం, ఋణం అనే మాటలతోనే చెప్పాడు. ఆ పిల్ల సందేహం ఆ మాటలోంచే పుట్టింది. అప్పు పోలిక కూడికకు సాయపడుతుంది గానీ గుణకారం దగ్గర దారి తప్పిస్తుందని ఆ బడిలోని సీనియర్ టీచర్ సాయంత్రం నాకు వివరించారు. మరునాడు 3 × (−4), 2 × (−4), 1 × (−4), 0 × (−4) అని వరుసగా రాయించి, జవాబులు −12, −8, −4, 0 అని నాలుగేసి చొప్పున పెరగడం చూపించాను. తరువాతి వరుస, (−1) × (−4), రాయకముందే ఆ అమ్మాయి “నాలుగు” అంది. పదేళ్లు కోడ్ రాసిన నాకు నిరూపణ తెలుసు. పిల్ల ఎక్కడ ఆగిపోయిందో తెలియలేదు.

భాష కూడా మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. పాఠ్యపుస్తకాలలో ఇప్పుడు ఎదురెదురు పేజీలలో ఇంగ్లీషూ తెలుగూ ఉంటాయి. పిల్లవాడు ఇంగ్లీషులో లెక్క చదివి తెలుగులో ఆలోచిస్తాడు. క.సా.గు., గ.సా.భా., అకరణీయ సంఖ్య వంటి మాటలు మీ నోట తడుముకోకుండా రావాలి.

కాబట్టి రాజీనామా చేయకముందే, మీకు దగ్గరలోని ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకుని, సెలవు పెట్టి ఎనిమిదో తరగతికి పది పీరియడ్లు చెప్పి చూడండి. రోజూ ఒక పది నోటుపుస్తకాలు తీసుకుని పిల్లలు చేసిన తప్పులన్నిటినీ ఒకచోట రాసుకుని, ప్రతి తప్పు వెనుక ఆ పిల్లవాడు ఏమనుకుని ఉంటాడో పక్కన రాయండి. పదో రోజున కూడా ఆ పని చేయాలని మీకు ఉత్సాహంగా ఉంటే, వచ్చే ఎడ్‌సెట్‌కు దరఖాస్తు చేయండి.