ఓడిపోతే బోర్డు ఎత్తేసే కొడుకుతో ఆదివారం ఏం చేయాలి?

విజయనగరం నుంచి ఒక నాన్నగారు రాశారు. కొడుక్కి 14 ఏళ్ళు, తొమ్మిదో తరగతి. మొన్న సంక్రాంతికి నరసన్నపేటలో అమ్మమ్మగారింట్లో క్యారమ్స్ ఆడుతూ 10 ఏళ్ళ పిన్ని కొడుకు చేతిలో ఓడిపోయాడట. స్ట్రైకర్ విసిరికొట్టి, బోర్డు ఎత్తేసి, మేడెక్కి కూర్చుని రాత్రి దాకా అన్నం తినలేదట. షటిల్ అయినా ఇంతే, చదరంగం అయినా ఇంతే. "ఆడితే గొడవ, ఆడకపోతే ఫోను. గెలుపు ఓటమి లేని పని ఏదైనా వాడూ నేనూ కలిసి చేద్దామంటే నాకేమీ తోచట్లేదండీ. వాళ్ళమ్మ క్యారమ్ బోర్డు ఎవరికైనా ఇచ్చేయమంటోంది. మా పెద్దమ్మాయి ఇలా కాదు, ఎప్పుడూ క్లాసు ఫస్టే, అయినా ఏ గొడవా లేదు" అని ఆయన ఉత్తరం.

నమస్కారమండీ. ఇలాంటి పిల్లల గురించి రాసేవాళ్ళు ఎక్కువమంది "వీడికి ఓటమిని తట్టుకోవడం ఎలా నేర్పాలి" అని అడుగుతారు. మీరు "వీడితో కలిసి ఏం చేయాలి" అని అడిగారు. నాకు చాలా సంతోషమేసింది, ఎందుకంటే మొదలుపెట్టాల్సింది అక్కడే.

బోర్డు ఎత్తేసే పిల్లాడికి ఓడిపోవడం తప్పు కాదని తెలియక కాదు. ఆ మాట వాడికి నాలుగో తరగతి నుంచీ చెబుతూనే ఉండి ఉంటారు. ఆ క్షణంలో వాడికి వినిపించేది "ఆట పోయింది" అని కాదు, "నువ్వు పనికిరావు" అని. అందులోనూ చిన్నవాడి చేతిలో, చుట్టాలందరి ముందు. ఈ వయసులో ఆవేశం ముందొస్తుంది, దానికి పగ్గం వేసే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి ఇరవైల నడుమ దాకా పడుతుంది. అందుకని విసిరికొట్టడం ఒప్పు అయిపోదు, కోపం తగ్గాక ఆ స్ట్రైకర్ వెతికి తెచ్చి పెట్టాల్సింది వాడే, తమ్ముడితో ఒక మాట మాట్లాడాల్సిందీ వాడే. కానీ అది మొండితనం అనో, పొగరు అనో పేరు పెట్టేయకండి.

ఇంకో విషయం, కొంచెం నొప్పిగా ఉంటుంది, అయినా చెబుతాను. కొడుకు గురించి రాసిన ఉత్తరంలో మీరు కూతురి ర్యాంకు రాశారు. మీకు తెలియకుండానే వచ్చేసిన మాట అది. ఇంట్లో అలా తెలియకుండా ఇంకెన్నిసార్లు వస్తోందో ఒక వారం గమనించుకోండి. బళ్ళో వారం వారం మార్కుల లిస్టు, ఫోనులో ఆడే ఆటలోనూ ర్యాంకు, ఇంటికొస్తే అక్క ఫస్టు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి వాడికి లెక్క కట్టనిది ఏదీ లేదు. మీతో గడిపే ఆ రెండు గంటలైనా లెక్క లేకుండా ఉండాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే, మిగతాదంతా ఎలా అన్నదే.

మీది ఉత్తరాంధ్ర కాబట్టి నేనైతే మొదట తేలినీలాపురం తీసుకెళ్ళమంటాను. టెక్కలి మండలంలో ఉంది, పలాస వైపు పాసింజరు ఎక్కి నౌపడలో దిగితే అక్కణ్ణుంచి దగ్గరే, ఆటోలో పోవచ్చు. సెప్టెంబరు నుంచి మార్చి దాకా గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి అక్కడి చెట్ల మీద గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెంచుకుంటాయి, ఇంకా టైముంది. ఆ ఊరివాళ్ళు వాటిని తరమరు, అవి రావడం ఊరికి మంచిదని నమ్ముతారు. ఒక చెట్టు కింద కూర్చుని చూడండి. తల్లి గూడబాతు నోరు తెరిస్తే పిల్ల తలకాయ మొత్తం ఆ ముక్కు కింది సంచిలోకి దూర్చేసి చేప తింటుంది, అది చూస్తే ఏ 14 ఏళ్ళ పిల్లాడైనా ఫోను పక్కన పెడతాడు. మీరు చేయాల్సిన పని ఒక్కటే, నోరు కట్టుకుని కూర్చోవడం. "ఎన్ని రకాలు చూశావు, పేర్లు గుర్తున్నాయా, ఇంటికెళ్ళాక వ్యాసం రాయి" అన్నారంటే అదీ ఇంకో పరీక్ష అయిపోతుంది. వాడే "నాన్నా, నీకంటే నేనే ఎక్కువ చూశాను" అనొచ్చు, అంటాడు కూడా, అలవాటు కదా. "అవునా, నేను లెక్కపెట్టలేదురా, ఆ కొమ్మ మీదున్నది చూడు" అని ఊరుకోండి. వాదించకండి, పాఠం చెప్పకండి.

ఇది కుదిరితే తర్వాత సముద్రం. శ్రీకాకుళం తీరానికి ఈ రోజుల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఒక్కో తల్లి సుమారు వంద గుడ్లు పెడుతుంది. అటవీ శాఖవాళ్ళు ఆ గుడ్లు తెచ్చి హేచరీల్లో ఇసుకలో కప్పి ఉంచుతారు, నెలన్నర రెండు నెలలకి పిల్లలొస్తే సముద్రంలో వదులుతారు. ఎప్పుడు వదులుతున్నారో ముందే కనుక్కుని పిల్లాణ్ణి తీసుకెళ్ళండి. అరచేతిలో పట్టే తాబేలు పిల్ల ఇసుక మీద పాక్కుంటూ, అలకి వెనక్కి పడి, మళ్ళీ పాకుతుంటే పక్కన నిలబడి చూడటం, అంతే.

ప్రతి ఆదివారం ఊళ్ళు తిరగలేరు, తెలుసు. ఇంట్లో పనికి వంటను మించింది లేదు, అందులోనూ పనసపొట్టు కూర. ఇప్పుడు పొట్టు పనసకాయలు వచ్చే రోజులే. మార్కెట్లో కొట్టిన పొట్టు కొనకండి, కాయే తెండి. చేతులకీ కత్తికీ నూనె రాసుకోండి, లేకపోతే జిగురు వదలదు. మీరు పైన చెక్కు తీయండి, వాణ్ణి ముక్క మీద టకటకా కొట్టమనండి. వాడికి చేయి నొప్పెడితే మీరు, మీకు నొప్పెడితే వాడు. ఒక కాయకి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు కదా, అంతసేపూ ఇద్దరి కళ్ళూ చెక్క మీద ఉంటాయి, ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు. ఈ వయసు మగపిల్లలు ఎదురుగా కూర్చోబెట్టి "ఏమైంది చెప్పు" అంటే చెప్పరండీ, పక్కన పనిచేస్తూ ఉంటే ఎప్పుడో మధ్యలో వాళ్ళంతట వాళ్ళే అంటారు. పొట్టు ఉడికించి పోపు పెట్టాక, స్టవ్ కట్టేసి కాస్త ఆరనిచ్చి అప్పుడు ఆవ కలపండి, వేడి మీద వేస్తే చేదెక్కుతుంది. ఎక్కిందే అనుకోండి, అప్పుడు ఇద్దరూ కలిసి చెడగొట్టిన కూర ఇద్దరూ కలిసి తింటారు. వాడికి ఓటమి గురించి మీరు చెప్పగలిగినదంతా ఆ కంచంలో ఉంది, నోటితో ఏమీ అనక్కర్లేదు.

పాత సైకిలు విప్పి బిగించడం, 500 ముక్కలు కలిపి బొమ్మ పేర్చే జిగ్‌సా, పెరట్లో కూరగాయల మడి, ఇలాంటివి మీకే తోస్తాయి. సంగీతం మీద ఏమాత్రం ఇష్టమున్నా మీరిద్దరూ ఒకే రోజు మొదలుపెట్టండి. 1919లోనే సంగీత కళాశాల పెట్టిన మీ ఊళ్ళో నేర్పేవాళ్ళకి కరువుండదు. మీరూ తప్పులు వాయిస్తుంటే వాడికి ఎంత ధైర్యమో చూడండి. పోటీలకి మాత్రం పేరివ్వకండి, కనీసం రెండేళ్ళు.

కొన్నాళ్ళు పోయాక, మూడు నెలలో ఆరు నెలలో నేను చెప్పలేను, ఇద్దరూ ఒకే పక్కనుండి ఆడే ఆటలు పెట్టొచ్చు. పాండెమిక్ అని 2008లో వచ్చిన బోర్డు ఆట ఒకటుంది, ఆడేవాళ్ళంతా ఒకే జట్టు, ప్రపంచమంతా పాకుతున్న రోగాలని కలిసి ఆపాలి, ఓడితే అందరూ ఓడతారు. అందులో పెద్దవాళ్ళు చేసే తప్పు ఒకటే, అన్ని ఎత్తులూ తామే చెప్పేయడం. వాడి వంతు వాడికి వదిలేయండి.

జాలిపడి కావాలని ఓడిపోవద్దు. ఈ వయసు పిల్లలు ఇట్టే కనిపెడతారు, నేను గెలవలేనని నాన్నకి కూడా అనిపించిందన్న మాట అని ఇంకా కుంగిపోతారు.

ఒకటి మాత్రం జాగ్రత్త. ఆటలో కోపం వేరు. ఆట లేనప్పుడు కూడా ఎవరినైనా కొట్టడం, తనని తాను గాయపరచుకోవడం, రోజుల తరబడి సరిగా తినకపోవడం, నిద్రపోకపోవడం, "నేను లేకపోతే బాగుణ్ణు" లాంటి మాట ఒక్కసారి అన్నా సరే, ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే మానసిక వైద్యుల్ని కలవండి. 14416 టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు, ఏ వేళలోనైనా ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే.

ఇక క్యారమ్ బోర్డు. ఎవరికీ ఇవ్వొద్దని వాళ్ళమ్మగారికి చెప్పండి. ఇచ్చేస్తే వాడి తప్పుకి అదొక గుర్తుగా మిగిలిపోతుంది. దాచిపెట్టను కూడా వద్దు, పౌడరు తుడిచి అటక మీద కనిపించేలా పెట్టండి, ఆ ఊసు ఎత్తకండి. దించమని వాడే అడిగిన రోజు అక్కనీ వాళ్ళమ్మనీ కూడా పిలిచి నలుగురూ కూర్చోండి. క్యారమ్స్‌లో జోడీలు ఎదురెదురుగా కూర్చుంటారు కదా, వాడికి ఎదురుగా మీరు కూర్చోండి.