గజేంద్ర మోక్షం పారాయణ చేస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అత్తగారి ఆరోగ్యం కోసం నలభై రోజులు గజేంద్ర మోక్షం పారాయణ చేయాలని సంకల్పించుకున్నావనీ, పద్యాలకు నోరు తిరగక వారం గడిచేసరికి తాత్పర్యం మాత్రమే చదివి లేచిపోతున్నావనీ రాశావు. తాత్పర్యం చాలదా అని అడిగావు. కథ కోసమైతే చాలుతుంది. ఏనుగును మొసలి పట్టింది, హరి వచ్చి విడిపించాడు, అంతే కథ. అయితే ఆ కథను పోతన ఏ మాటలతో, ఏ వరుసలో, ఎక్కడ విరిచి చెప్పాడో అక్కడే ఆయన భక్తి ఉంది కనుక, తాత్పర్యం ముందు చదివితే మొదట అందవలసినది చివరికి కూడా అందదు. ముందు పద్యాన్ని పైకి చదువు, తరువాత పెన్సిలుతో పదాలు విడదీసుకో, చివరికి మాత్రమే తాత్పర్యం చూడు.

ఈ పని 'లావొక్కింతయు లేదు' పద్యంతో మొదలుపెట్టు. చిన్నప్పుడు నాకు దానిని బెత్తం చూపి నేర్పించారు. పాదం చివర ఊపిరి తీసుకోవాలన్న నియమం కొద్దీ 'ప్రాణంబులున్' దగ్గర ఆగి, 'ఠావుల్ దప్పెను' అని కొత్త మాట ఎత్తుకున్నట్లు అందుకునేవాణ్ణి. ఆ ప్రాణాలకు క్రియ కింది పాదంలో ఉన్నదని నాకు తెలిసేసరికి ముప్పై ఏళ్ళు దాటాయి. ప్రాణాలు చోటు తప్పాయని చెప్పే వాక్యం తానే చోటు తప్పి రెండో పాదంలోకి జారింది చూడు! ఈ పద్యం శార్దూలమనే వృత్తం, దానికి పాదానికి పందొమ్మిది అక్షరాలు. పెద్ద సమాసాలు పట్టే ఆ విశాలమైన వృత్తంలో, మొదటి రెండు పాదాలలో ఆరు చిన్న వాక్యాలు ఉన్నాయి: బలం లేదు, ధైర్యం చెదిరింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వచ్చింది, ఒళ్ళు అలసింది, ఆయాసం కలుగుతోంది. వేయేళ్ళు పోరాడి అలసినవాడు ఒక్కొక్క ఊపిరికి ఒక్కొక్క మాట మాత్రమే అనగలడు. కాబట్టి నీవు పాదం చూసి కాదు, వాక్యం చూసి ఆగు. 'రావే యీశ్వర' అన్నచోట, ఇంట్లో ఆడపిల్లను పిలిచినట్లు ఉందని నీ కొడుకు నవ్వాడట, నవ్వనీ. పాత తెలుగులో ఆ 'వే' ఆడవారికి మాత్రమే చెందినది కాదు, బతిమాలుకొనేటప్పుడు ఎవరికైనా చెల్లుతుంది.

దేవుడు ఉన్నాడో లేడో అన్న అనుమానంతో పారాయణ చేయవచ్చునా అని ఉత్తరం చివర చిన్న అక్షరాలతో రాశావు. ఆ అనుమానం గజేంద్రుడికే వచ్చింది. 'కలడందురు' అని మూడుసార్లు అంటాడు. దీనుల పట్ల ఉన్నాడంటారు, యోగుల పట్ల ఉన్నాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు. ఆ 'అందురు' అన్నమాట విన్నదే తప్ప కన్నది కాదు. చివరి పాదంలో 'కలడు కలండనెడువాడు కలడో లేడో' అని తేల్చకుండా వదిలేస్తాడు. వ్యాసుని సంస్కృత భాగవత మూలంలో ఈ ప్రశ్న లేదు. ఇది పోతన తెచ్చి పెట్టినది. వెంటనే వచ్చే సీసపద్యాన్ని కూడా విడిచిపెట్టకు. 'కలుగడే నాపాలి కలిమి సందేహింప, కలిమిలేములు లేక కలుగువాడు' అని అదే 'కలుగు' ధాతువును మళ్ళీ పట్టుకుంటాడు. కలిమి అంటే ఉండటమూ అవును, సంపదా అవును. ఏ మాటతో అనుమానించాడో ఆ మాటనే తిప్పితిప్పి, అందులో నుంచే ఆశను పిండుకున్నాడు. సంస్కృతంలో ఈ పని ఇలా కుదరదని నా నమ్మకం. ఈ రెండు పద్యాలనూ ఏ రోజూ విడదీసి చదవకు.

తెలియని మాటలు సగం ఉన్నాయని బెదిరిపోయావు. 'కుయ్యాలించి' అన్నచోట గీత గీసి పంపావు. మనం 'కుయ్యో మొర్రో' అంటామే, ఆ కుయ్యే అది. మొర విని అని అర్థం. సంస్కృత సమాసాలకు మాత్రం నిఘంటువు తప్పదు, శబ్దరత్నాకరం ఒకటి దగ్గర పెట్టుకో.

'అల వైకుంఠపురంబులో' పద్యంలో అలాంటి సమాసమే ఉంది. పురం, అందులో రాజనగరు, ఆ మూల మేడ, దాని దాపున మందారవనం, అందులో అమృతసరస్సు, ఒడ్డున చంద్రకాంతశిల మీద కలువపాన్పు, ఇలా లోలోపలికి తీసుకుపోతుంది. తొందరపడకుండా చదువు. అంత లోపల ఉన్నవాడికి ఈ మడుగులోని కుయ్యి వినబడిందన్నది ఆ దూరమంతా నడిచినవాడికే తెలుస్తుంది. కానీ పద్యం చివరి మాట 'సంరంభియై' దగ్గర ఆగవద్దు. సభల్లో అక్కడ చప్పట్లు కొడతారు, నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పద్యంలో సమాపక క్రియ, అంటే వాక్యాన్ని ముగించే క్రియ, లేదు. క్రియలన్నీ తరువాతి పద్యం 'సిరికిం జెప్పడు'లో ఉన్నాయి, అవీ అన్నీ వ్యతిరేక క్రియలే. లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు పట్టడు, పరివారాన్ని పిలువడు, గరుడుని సిద్ధం చేయించడు, చెవిమీదికి జారిన జుట్టు సర్దుకోడు, చేతిలోని లక్ష్మి పైటకొంగునైనా విడువడు. మూలంలో హరి ఛందోమయుడైన, అంటే వేదమే రూపమైన, గరుడుని మీద వస్తాడు. పోతన హరికి ఆ తీరిక కూడా లేదు. ఆయన ఏమేమి చేయలేదో చెప్పడంతోనే ఎంత వేగంగా బయలుదేరాడో తెలిసిపోతుంది. కనుక ఈ రెండింటినీ ఒక్క ఊపులో చదవాలి.

రోజుకు నాలుగైదు పద్యాలకు మించవద్దు. దేవుడి గదిలో కాక అత్తగారి మంచం పక్కన కూర్చొని చదువు. ఆ తరం వారికి వీటిలో చాలా భాగం నోటికి వచ్చే ఉంటుంది. నీవు తడబడినచోట ఆవిడే అందిస్తారేమో చూసి నాకు రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న