తప్పు నూనెది కాదు, వత్తిది

చిట్టితల్లికి,

పిన్ని ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. నువ్వు గ్లాసులో పోసిన కొవ్వొత్తి నడిమధ్యన బావిలా గొయ్యి పడింది, చుట్టూ మైనం గోడ కట్టినట్టు అలాగే నిలబడిపోయింది. 200 గ్రాముల సోయా మైనంలో (సోయా నూనెతో చేసే మైనం) 30 మిల్లీలీటర్ల లావెండర్ ఎసెన్షియల్ ఆయిల్, అదే మొక్కల నుంచి తీసే పరిమళ నూనె, సీసా సగం పోశానని, అయినా వాసన రావట్లేదని రాశావు. ఈసారి సీసా మొత్తం పోసేస్తానని కూడా రాశావు చూడు, అందుకే వెంటనే కూర్చుని జవాబు రాస్తున్నాను. పొయ్యకు.

లెక్క చూద్దాం. 15 మిల్లీలీటర్ల లావెండర్ నూనె సుమారు 13 గ్రాములు తూగుతుంది. అంటే మైనం బరువులో ఆరున్నర శాతం. చాలినంత పడింది. సోయా మైనానికి నేను 6 శాతంతో మొదలుపెడతాను, 8 దాటను. సీసా మొత్తం పోస్తే 13 శాతం అవుతుంది, అంత నూనెను మైనం పట్టి ఉంచుకోలేదు. నేనూ మొదట్లో ఆ పని చేసినదాన్నే. చల్లారాక పైన చెమట పట్టినట్టు నూనె తేలింది. వెలిగిస్తే మంట ఎగిసిపడి, గ్లాసు అంచంతా మసి కొట్టుకుపోయింది. ఇంకోటి, చుక్కల్లో లెక్కపెట్టడం మానెయ్. ఒక్కో నూనె చుక్క ఒక్కో సైజులో పడుతుంది. గ్రాములు చూపించే చిన్న త్రాసు కొనుక్కో.

మరి వాసన ఎందుకు రాలేదు? వెలిగించిన కొవ్వొత్తిలో వాసన ముఖ్యంగా వచ్చేది కరిగిన మైనం మడుగులోంచి. ఆ మడుగు ఎంత వెడల్పుంటే గదిలోకి అంత పరిమళం వస్తుంది. నీ మడుగు రూపాయి బిళ్లంత ఉంది. నీ వత్తి ఆ గ్లాసుకు చాలని సన్నం వత్తి, అంతే సంగతి.

వత్తిని చూసి ఇది సరిపోతుందని చెప్పడం నాకూ చేతకాదు. వెలిగించి చూడాల్సిందే. ఒకే కొలత గ్లాసులు మూడు తీసుకో. మూడింటిలో ఒకే మైనం పోసి, మూడు సైజుల నూలు వత్తులు పెట్టు. నూనె కలపకు, దండగ. గ్లాసు వెడల్పులో ప్రతి రెండున్నర సెంటీమీటర్లకు ఒక గంట చొప్పున వేసుకో. ఏడు సెంటీమీటర్ల గ్లాసైతే మూడు గంటల్లోపు మడుగు అంచుదాకా చేరాలి, లోతు ఒక సెంటీమీటరు లోపే ఉండాలి. చేరకపోతే వత్తి చిన్నది. వత్తి కొసన పుట్టగొడుగులా నల్లటి ముద్ద కట్టినా, మంట వణుకుతూ పొగ చిమ్మినా పెద్దదైనట్టు. మూడింటిలో నెగ్గినదాన్ని నూనె కలిపిన మైనంలో మళ్లీ ఒకసారి పరీక్షించు. నూనె పడ్డాక మంట తీరు మారుతుంది.

వెలిగించే ముందు ప్రతిసారీ వత్తిని ఆరు మిల్లీమీటర్లకు కత్తిరించు. మొదటిసారి వెలిగించినప్పుడు మడుగు అంచు తాకేదాకా ఆర్పకు. ఆ రోజు ఎంతమేర కరిగితే తర్వాత కూడా అక్కడికే కరగడం దాని అలవాటు. నాలుగు గంటలు దాటి మాత్రం ఒకేసారి వెలిగించకు.

పాడైందనుకున్న కొవ్వొత్తిని పారెయ్యకు. పై అంచు చుట్టూ అల్యూమినియం ఫాయిల్ చుట్టి, నడుమ మంటకు గాలి ఆడేంత కంత వదులు. లోపలి వేడికి గోడ కరిగి కిందికి దిగుతుంది. పక్కనే కూర్చుని చూసుకో, ఫాయిల్ బాగా వేడెక్కుతుంది, చెయ్యి కాలుతుంది.

ఇక నూనె కలిపే వేళ. మైనం గిన్నెను నేరుగా పొయ్యి మీద పెట్టకుండా మరిగే నీళ్ల గిన్నెలో పెట్టి కరిగించు. మైనంలో నీటి చుక్క పడకూడదు. సుమారు 75 డిగ్రీలకు వచ్చాక దించి, 60–65కి చల్లారనిచ్చి అప్పుడు నూనె పోసి, రెండు నిమిషాలు నెమ్మదిగా కలుపు. ఒక్కో మైనానిది ఒక్కో తీరు కాబట్టి ప్యాకెట్ మీద రాసిన డిగ్రీలు చూసుకో. థర్మామీటర్ లేకుండా ఈ పని పెట్టుకోకు. నూనె కొలవడానికి గాజు కప్పు వాడు, నారింజ, నిమ్మ నూనెలు కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరిచేస్తాయి.

నారింజ నూనె సీసా మూత తీస్తే ఇల్లంతా ఘుమఘుమ, కొవ్వొత్తిలో పోస్తే పత్తా ఉండదు. తేలికైన నూనెలన్నీ అంతే, ముందే ఎగిరిపోతాయి. వాటి వెనక బరువైనది ఒకటి నిలబడాలి, సీడర్‌వుడ్ అనే చెక్క నూనె గానీ ప్యాచౌలి అనే ఆకు నూనె గానీ. 200 గ్రాములకు నేను లావెండర్ 6, సీడర్‌వుడ్ 4, నారింజ 2 గ్రాములు కలుపుతాను. లవంగ నూనెకు మాత్రం చెయ్యి బిగబట్టాలి, కాస్త ఎక్కువైతే మిగతా వాసనల్ని మింగేస్తుంది. ఒక మాట ముందే చెప్తున్నా, ఎంత బాగా చేసినా ఎసెన్షియల్ ఆయిల్ పరిమళం దుకాణంలో దొరికే కృత్రిమ సువాసనంత గాఢంగా ఉండదు. నాకు ఆ మెత్తదనమే ఇష్టం, నీకు నచ్చకపోవచ్చు.

పోసిన మర్నాడే వెలిగించావు కదూ! సోయా మైనానికి మూత పెట్టి కనీసం వారం, వీలైతే రెండు వారాలు ఆగాలి. ఈలోగా పైన తెల్లటి మంచులాంటి మచ్చలు కనిపిస్తే కంగారుపడకు, సోయా స్వభావమే అది.

ఫొటోలో పైన ఎండు పూరేకులు చల్లావు. అందంగానే ఉన్నాయి గానీ తీసెయ్. ఎండుపువ్వు మంటకు ఇంకో వత్తి. పల్చటి మంచినీళ్ల గ్లాసులు కూడా వద్దు, వేడికి పగులుతాయి. అడుగున సెంటీమీటరు మైనం మిగలగానే ఆ కొవ్వొత్తి పని అయిపోయిందనుకో. ఎప్పుడైనా మైనం అంటుకుంటే నీళ్లు పొయ్యొద్దు, నిప్పు ఎగజిమ్ముతుంది. పొయ్యి ఆపి, మూత వేసి ఊపిరాడకుండా చెయ్యి. మిగిలిన మైనాన్ని సింకులో వంపితే పైపు బిగుసుకుపోతుంది, కాగితంతో తుడిచి చెత్తబుట్టలో వెయ్యి.

నీ దగ్గర పిల్లి ఉంది కాబట్టి టీ ట్రీ, నిమ్మజాతి నూనెల జోలికి పోకు. వాటిలోని పదార్థాలను పిల్లి కాలేయం సరిగా వదిలించుకోలేదు. నా కొలతలో నారింజ మానేసి ఆ రెండు గ్రాములూ లావెండరే వేసుకో, అదైనా పిల్లి లేని గదిలో కిటికీ తెరిచి వెలిగించు. చుట్టాల్లో ఉబ్బసం ఉన్నవాళ్లు వస్తే అసలు వెలిగించకు. లావెండర్‌తో టెన్షన్ పోతుందని రాశావు. ఉంటే ఉండనీ, మందు మాత్రం అనుకోకు.

మిగిలిన సగం సీసా మూత గట్టిగా బిగించి ఎండ తగలని చోట దాచు. మూడు వత్తుల్లో ఏది అంచుదాకా కరిగించిందో, ఎన్ని గంటలు పట్టిందో నాకు రాయి.

ఇట్లు,
పిన్ని