స్విస్ కొండల్లో రైలు ప్రయాణం: ఎఫ్‌డీ కదపకుండా, సిప్ ఆపకుండా

ప్రశ్న: మాది హనుమకొండ. భార్యాభర్తలం ఇద్దరం ఉద్యోగులం. నెలకు చేతికొచ్చేది రూ.1,60,000. ఇంటి లోను ఈఎంఐ 38,000, పిల్లల చదువుల కోసం సిప్ 20,000, ఇంటి ఖర్చు 55,000, స్కూలు ఫీజులూ ట్యూషన్లూ సగటున 15,000. బ్యాంకులో 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఏటా ఇద్దరికీ కలిపి 90,000 బోనస్ వస్తుంది. పాపకు 13 ఏళ్లు, రైళ్లంటే ప్రాణం. బాబుకు 8. మా అత్తమ్మకు 66, బీపీ ఉంది. ఐదుగురం దసరా సెలవుల్లో స్విట్జర్లాండ్ కొండ రైళ్లు ఎక్కి రావాలని కోరిక. ఒక టూర్ కంపెనీ 14 లక్షలు చెప్పింది. 4 లక్షలు ముందు కడితే మిగతా 10 లక్షలు 15 శాతం వడ్డీతో రెండేళ్ల ఈఎంఐ ఇప్పిస్తామంటున్నారు. ఎఫ్‌డీ తీసేసి, సిప్ ఆపి వెళ్లిపోవచ్చా? లేక రెండేళ్లు ఆగాలా?

జవాబు: ఆగండి. కానీ రెండేళ్లే. మూడో ఏడాదికి మాత్రం జరపకండి.

ఎందుకో ముందు చెబుతాను. స్విట్జర్లాండ్‌లో పర్యాటకులకు అమ్మే ట్రావెల్ పాస్ (రైళ్లు, బస్సులు, పడవలకు కలిపి ఒకే టికెట్టు) గానీ, హాఫ్ ఫేర్ కార్డు (టికెట్లు సగం ధరకు ఇప్పించేది) గానీ తల్లిదండ్రులు తీసుకుంటే, 6 నుంచి 16 ఏళ్ల లోపు పిల్లలకు ఫ్యామిలీ కార్డు ఉచితంగా ఇస్తారు. ఆ కార్డుతో పిల్లలు మీ వెంట రైలు, బస్సు, పడవ అన్నీ టికెట్టు లేకుండా ఎక్కొచ్చు. రెండేళ్ల తర్వాత మీ పాపకు 15, బాబుకు 10. ఇద్దరికీ ఉచితమే. ఇంకో ఏడాది గడిచిందంటే పాపకు 16 నిండుతాయి, ఆమెకు విడిగా పాస్ కొనాలి. 25 ఏళ్ల లోపు వాళ్లకు 30 శాతం తగ్గింపు ఉంటుంది గానీ ఉచితం పోయినట్టే. పైగా అప్పటికి పాప ఇంటర్‌లో ఉంటుంది, ఎంట్రన్సుల చదువు మధ్యలో దసరాకు పది రోజులు తీసుకెళ్లడం మీకే కుదరదు. కాబట్టి మీ గడువు ఏ ఆఫర్‌దో కాదు, పాప పుట్టినరోజుది.

ఆ కార్డుకు ఒక షరతుంది. పిల్లల పక్కన అమ్మో నాన్నో ఉండాలి. నాయనమ్మతో మాత్రమే రైలెక్కితే ఫ్యామిలీ కార్డు చెల్లదు.

ఇక ఈఎంఐ సంగతి. 10 లక్షలకు 15 శాతం వడ్డీతో 24 నెలలు కడితే నెలకు దాదాపు 48,500 పడుతుంది. మీ దగ్గర మిగులుతున్నది 32,000. అంటే సిప్ ఆపక తప్పదు. రెండేళ్లలో కట్టే వడ్డీ ఒక్కటే రూ.1,64,000. మీ ముగ్గురు పెద్దవాళ్లకు 8 రోజుల పాటు దేశమంతా తిరిగే రైలు పాసులు కొన్నా అంత కాదు. తిరిగొచ్చాక ఫొటోలు చూసుకుంటూ 24 నెలలు ఈ భారం మోయమని నేను ఎవరికీ చెప్పను. ఎఫ్‌డీ కూడా ముట్టుకోవద్దు. ఈఎంఐ, ఇల్లు, ఫీజులు కలిపి మీకు నెలకు 1,08,000 కావాలి. ఆ 4 లక్షలు నాలుగు నెలలకు కూడా చాలవు. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు. అది ఆపదకు దాచిన డబ్బు, అలాగే ఉండాలి. పాప ఇంకో నాలుగైదేళ్లలో బీటెక్కో డిగ్రీయో చేరుతుంది. ఆ సిప్ అప్పటికోసం, అది కూడా నడవాలి.

మరి ఏం మిగిలింది? మీ 32,000, రెండు బోనస్‌లు, కొంచెం తెలివైన టికెట్ల ఎంపిక. వీటితో పని జరుగుతుంది.

ముందుగా రైళ్లు. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్, బెర్నినా ఎక్స్‌ప్రెస్ అన్న పేర్లు పాపకు ఈపాటికి కంఠతా వచ్చేసి ఉంటాయి. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్ దాకా దాదాపు 8 గంటలు నడుస్తుంది. 291 వంతెనలు, 91 సొరంగాలు. పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్ తప్పనిసరి, మనిషికి సుమారు 50 ఫ్రాంకులు, పిల్లలకూ కట్టాలి. ఐదుగురికి 250 ఫ్రాంకులు. లెక్క కోసం ఫ్రాంకును 115 రూపాయలుగా పట్టుకుంటే 28,750. పదేళ్ల బాబును, బీపీ ఉన్న పెద్దావిడను 8 గంటలు ఒకే సీట్లో కూర్చోబెట్టడానికి ఈ డబ్బు.

టూర్ కంపెనీల కరపత్రాల్లో కనబడని సంగతి ఒకటుంది. అవే పట్టాల మీద మామూలు రైళ్లు కూడా నడుస్తాయి. కూర్ అనే ఊరి నుంచి సెయింట్ మోరిట్జ్‌కు గంటకో రైలు, ప్రయాణం రెండు గంటలు. రిజర్వేషన్ అక్కర్లేదు, వెయిటింగ్ లిస్టు లేదు, తత్కాల్ టెన్షన్ లేదు. పాస్ చేతిలో ఉంటే ఎక్కి కూర్చోవడమే. ఫొటోల్లో అందరూ చూసే లాండ్‌వాసర్ వంతెన ఈ దారిలోనే ఉంది. 65 మీటర్ల ఎత్తున, రాతి కమానుల మీద రైలు వంపు తిరుగుతూ వెళ్లి, ఎదురుగా నిట్టనిలువుగా ఉన్న కొండ గోడలోకి నేరుగా దూరిపోతుంది. వంతెన ముగిసిన చోటే సొరంగం మొదలు. 1902లో పూర్తయిన కట్టడం. ఖరీదైన రైలెక్కినా, మామూలు రైలెక్కినా అదే వంతెన, అదే సొరంగం.

సెయింట్ మోరిట్జ్‌లో దిగి బెర్నినా లైను మామూలు రైలెక్కితే 2,253 మీటర్ల ఎత్తున ఉన్న ఓస్పిజియో బెర్నినా స్టేషన్ దాకా వెళ్లొచ్చు. పళ్ల చక్రం సాయం లేకుండా, మామూలు పట్టాల మీదే రైలు అంత ఎత్తు ఎక్కుతుంది. దాని తర్వాతి ఆల్ప్ గ్రూమ్ స్టేషన్‌లో దిగితే ఎదురుగా పాలూ హిమానీనదం. అక్కడే కాసేపు కూర్చుని, వచ్చిన దారినే వెనక్కి రావొచ్చు. కూర్ వైపు నుంచి వచ్చే ఆల్బులా లైను, ఈ బెర్నినా లైను రెండింటినీ 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పాపకు రైళ్ల మీద ఇష్టం నిజమైనదైతే, ఆ ఎక్స్‌ప్రెస్ రైళ్ల గాజు పైకప్పు పెట్టెలో కంటే ఈ రైళ్లలోనే ఎక్కువ చూస్తుంది. నచ్చిన స్టేషన్‌లో దిగొచ్చు, గంట ఆగి తర్వాతి రైలెక్కొచ్చు.

పాస్ కొనాలా, హాఫ్ ఫేర్ కార్డు కొనాలా అన్నది రెండో నిర్ణయం. 2025 ధరల్లో రెండో తరగతి 3 రోజుల పాస్ 244 ఫ్రాంకులు, 8 రోజులది 419. రోజుకు చూస్తే మొదటిది 81, రెండోది 52. రోజులు పెరిగేకొద్దీ చవక. హాఫ్ ఫేర్ కార్డు 150 ఫ్రాంకులు, నెల రోజులు చెల్లుతుంది, టికెట్లు సగం ధరకు వస్తాయి. దాదాపు అన్ని కొండ రైళ్లకూ వర్తిస్తుంది. ఒకే ఊళ్లో బస చేసి రెండు మూడు కొండలు మాత్రమే ఎక్కేవాళ్లకు హాఫ్ ఫేర్ మేలు. నేను కింద చెప్పబోయేలా మూడు ఊళ్లు మారుతూ రోజూ రైలెక్కేవాళ్లకు పాస్ మేలు. స్విస్ రైల్వే యాప్‌లో మీ దారి మొత్తానికి పూర్తి ధరలు కూడి, అందులో సగానికి 150 కలపండి. పాస్ ధర కంటే ఎక్కువ వస్తే పాస్ తీసుకోండి. ముగ్గురు పెద్దవాళ్లూ ఒకే రకం కొనాలని లేదు. అత్తగారు రోజు విడిచి రోజు బసలోనే ఉంటానంటే ఆమెకు హాఫ్ ఫేర్ సరిపోవచ్చు. వృద్ధులకని విడిగా తగ్గింపు పాస్ లేదు.

నా సూచన 8 రాత్రులు. లూజర్న్‌లో మూడు, లౌటర్‌బ్రున్నెన్ లోయ పక్కన మూడు, కూర్‌లో రెండు. జ్యూరిక్‌లో దిగిన రోజు లూజర్న్‌కు మామూలు టికెట్టు కొనుక్కుని, పాస్‌ను రెండో రోజు నుంచి మొదలుపెట్టండి. అప్పుడు తిరుగు ప్రయాణం దాకా 8 రోజులూ సరిపోతుంది.

కొండల విషయంలో జాగ్రత్తగా ఖర్చు పెట్టండి. అందరూ యుంగ్‌ఫ్రావ్‌యోక్ అంటారు. 3,454 మీటర్లు, 1912లో మొదలైన రైలు, గొప్ప అనుభవం, కాదనను. కానీ పాస్ ఉన్నా గ్రిండెల్‌వాల్డ్ లేదా వెంగెన్ నుంచి పైకి 25 శాతం తగ్గింపే, ఒక్కో పెద్దవాళ్లకు 150 ఫ్రాంకుల చుట్టూ అవుతుంది. అంత ఎత్తుకు అత్తగారిని తీసుకెళ్లేముందు డాక్టర్‌ని అడగాల్సిందే. అదే లూజర్న్ నుంచి పడవలో విట్స్‌నౌ వెళ్లి, అక్కడ రిగి కొండ రైలెక్కితే పడవా, రైలూ రెండూ పాస్‌లోనే వస్తాయి. 1871లో మొదలైన ఈ రైలు యూరప్‌లో మొట్టమొదటి కొండ రైలు. దాదాపు శిఖరం దాకా తీసుకెళ్తుంది, ఎత్తు 1,800 మీటర్ల లోపే. అత్తగారికి హాయిగా ఉంటుంది. యుంగ్‌ఫ్రావ్‌కు మీ ఇద్దరిలో ఒకరు పిల్లలతో వెళ్లి, ఇంకొకరు ఆమెతో కింద ఉన్నా సరిపోతుంది. ఏ కొండకైనా టికెట్టు వారాల ముందు కొనకండి. పొద్దున్నే లేచి శిఖరం మీది లైవ్ కెమెరా చూడండి. మబ్బు పట్టి ఉంటే డబ్బు కట్టి తెల్ల గోడ చూసి రావడమే.

ఇప్పుడు లెక్క. విమానం మనిషికి 65,000 చొప్పున 3,25,000. షెంజెన్ వీసా, సర్వీసు చార్జీ, ఇన్సూరెన్స్ కలిపి 65,000. వీసా ఫీజు 12 నిండినవాళ్లకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల వాళ్లకు 45. వంటిల్లు ఉన్న అపార్ట్‌మెంట్ రాత్రికి 300 ఫ్రాంకులు అనుకుంటే 2,76,000. తిండి రోజుకు 100 ఫ్రాంకులు, 9 రోజులకు 1,03,500. మూడు పాసులు 1,45,000. కొండల అదనపు టికెట్లు 57,500. చిల్లర ఖర్చులు 50,000. మొత్తం 10,22,000.

దీనికి ఇంకో 58,000 కలపండి. అది ఫ్రాంకులలో అయ్యే ఖర్చు మీద పది శాతం. ఫ్రాంకు దీర్ఘకాలంలో రూపాయి మీద బలపడుతూ వచ్చింది. ఒక్కోసారి రాత్రికి రాత్రే ఎగురుతుంది కూడా. 2015 జనవరి 15న స్విస్ కేంద్ర బ్యాంకు యూరోతో కట్టిన పరిమితిని ఎత్తేసినప్పుడు అలాగే జరిగింది. రెండేళ్ల తర్వాతి ఖర్చును ఇవాళ్టి రేటుతో లెక్కేసుకుని కూర్చోకూడదు. అంటే మీ లక్ష్యం 10,80,000.

నెలకు 32,000 ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్)లో వేస్తే, ఆరున్నర శాతం వడ్డీ అనుకున్నా, పన్ను పోను రెండేళ్లకు 8 లక్షల పైచిలుకు చేతికొస్తుంది. రెండు బోనస్‌లు 1,80,000. దాదాపు 9,90,000 అయింది. ఇంకా 90,000 తక్కువ. ఇంటి ఖర్చులో నెలకు 4,000 తగ్గించగలిగితే ఆ లోటు కూడా తీరిపోతుంది. తగ్గించలేకపోతే యుంగ్‌ఫ్రావ్‌ను వదిలేసి, లౌటర్‌బ్రున్నెన్‌లో ఒక రాత్రి తగ్గించండి. కూర్ మాత్రం వదలొద్దు, పాప కోరిక అక్కడే తీరుతుంది.

ఈ డబ్బును ఈక్విటీ ఫండ్లలో పెట్టకండి. రెండేళ్లు వాటికి చాలదు. బయల్దేరే నెలలో మార్కెట్ పడితే మీ దగ్గర ఆగే సమయం ఉండదు. ఆర్‌డీ గడువు ప్రయాణానికి నాలుగైదు నెలల ముందు ముగిసేలా చూసుకోండి. వీసాకు చూపే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆర్‌డీ డబ్బు మీ ఖాతాలోకి వచ్చినట్టు శుభ్రంగా కనబడుతుంది. దరఖాస్తుకు వారం ముందు ఎవరి దగ్గరో తెచ్చి ఖాతాలో పెద్ద మొత్తం వేస్తే అనుమానం తప్ప లాభం లేదు. వీసాకు కనీసం 30,000 యూరోల మెడికల్ కవర్ ఉన్న ఇన్సూరెన్స్ తప్పనిసరి. అత్తగారికి అంతకంటే ఎక్కువ తీసుకోండి, బీపీ సంగతి దాచకుండా రాయండి. దాస్తే క్లెయిమ్ రోజున చిక్కు వస్తుంది. ఆఫీసు ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) పన్ను మినహాయింపు విదేశీ ప్రయాణానికి వర్తించదు, దాన్ని లెక్కలో కలపకండి.

కార్డుల దగ్గర కూడా డబ్బు జారిపోతుంది. మామూలు క్రెడిట్ కార్డుకు విదేశంలో రెండు నుంచి మూడున్నర శాతం మార్కప్, దాని మీద జీఎస్టీ పడతాయి. ఫారెక్స్ కార్డు గానీ, మార్కప్ లేని కార్డు గానీ తీసుకోండి. అక్కడ మెషీన్ రూపాయల్లోనా, ఫ్రాంకుల్లోనా అని అడిగితే ఫ్రాంకులే నొక్కండి. రూపాయలు నొక్కితే రేటు వాళ్లిష్టం.

తిండికి రోజుకు 100 ఫ్రాంకులు సరిపోవాలంటే ఒక పూటైనా వండుకోవాలి. కోప్, మిగ్రోస్ సూపర్ మార్కెట్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. బియ్యం, కూరగాయలు, పెరుగు దొరుకుతాయి. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు. ఆవకాయ, కందిపొడి పట్టుకెళ్లండి. నెయ్యి డబ్బా, చికెన్ పచ్చడి, పచ్చి కరివేపాకు మాత్రం పెట్టుకోకండి. యూరప్ బయటి నుంచి పాల, మాంస పదార్థాలు తేవడం అక్కడ నిషేధం. ఆకులు, కూరగాయలకు వాటికి తెగుళ్లు లేవనే ధ్రువపత్రం కావాలి. చాలా ఊళ్లలో బస చేసేవాళ్లకు గెస్ట్ కార్డు ఇస్తారు, దాంతో ఊళ్లో బస్సులు ఉచితం. బస చేరగానే అడగండి.

దసరా తేదీ కూడా చూసుకోండి. సెలవులు అక్టోబరు మొదటి వారంలో పడితే మంచిదే. మూడో వారానికి జరిగిన ఏడాది కొన్ని రోప్‌వేలు మరమ్మతులకు మూసి ఉండొచ్చు. మామూలు రైళ్లు మాత్రం ఏడాదంతా నడుస్తాయి.

అయినా టూర్ కంపెనీతోనే వెళ్దామని మీ ఇంట్లో అనుకుంటే, కోట్‌లో జీఎస్టీ, టీసీఎస్ (కంపెనీ మీ దగ్గర ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) విడివిడిగా రాయించుకోండి. టీసీఎస్ మీ పన్ను ఖాతాలో జమయ్యేదే, రిటర్న్‌లో సర్దుకుంటుంది. ఆఫీసులో ముందే చెబితే జీతం మీది టీడీఎస్‌లోనూ సర్దుతారు. అది కంపెనీ లాభం కాదు, కాబట్టి ధరలు పోల్చేటప్పుడు తీసేసి చూడండి.

ఈ వారంలో చేయాల్సినవి రెండు. మీ ఇద్దరి పేరా చెరో 16,000 చొప్పున జీతం పడిన మర్నాడే కట్టేలా ఆర్‌డీలు తెరవండి. ఒక్కరి పేరునే వేస్తే వడ్డీ మొత్తం ఆ ఒక్కరి ఆదాయంలోనే కలుస్తుంది. తర్వాత ఐదుగురి పాస్‌పోర్టులూ తీసి గడువు చూడండి. తిరిగి వచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి. పిల్లల పాస్‌పోర్టులు ఐదేళ్లకే ముగుస్తాయి కాబట్టి బాబుది ఎప్పుడు తీసుకున్నారో ముందు చూసుకోండి.